గిన్నెడు మట్టి

మా ఆయన పోయాక మరిది చూపించిన చెక్క అది.
మొక్కజొన్న మీద మొక్కజొన్న వేసి,
కంకికి గింజ నిలవని నాడు
ఊదాపూల కలుపుకి వదిలేసిన చెక్క.
ఆడవాళ్ళకి ఇది చాలు అనలేదు సుహుయిని.
అనకుండానే చూపుడువేలు అటు తిప్పాడు.

నేను వంగాను.

మొదటి ఏడు సోయా చేతికొచ్చినట్టు విసిరాను,
కోడి కెలికినట్టు మొలిచింది.
రెండు సంచులు. ఇంకో అర సంచి
కోత ఆలస్యమై చేలోనే పేలిపోయింది.
హర్మటాన్ గాలి మొదలయ్యాక
మధ్యాహ్నం పూట చేను చిటపటమంటుంది.
దారిన పోయేవాళ్ళు చినుకులనుకుంటారు.
నాకు తెలుసు, అది నా డబ్బు చిట్లుతున్న చప్పుడని.

మరుసటి ఏడు మోటారుసైకిలు మీద ఎద్రీసు వచ్చాడు,
పొట్లంలో నల్లపొడి తెచ్చాడు.
"ఇందులో ప్రాణాలున్నాయి, ఎండ తగలనీకు" అన్నాడు.
నేను నవ్వాను.
అయినా నీళ్ళకుండ పక్కన, తడిగుడ్డ కప్పి,
పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను.
విత్తే రోజు తెల్లవారకముందే
గింజల మీద చక్కెరనీళ్ళు చిలకరించి,
కాటుక పెట్టినట్టు ఆ నలుపు పులిమి,
తాడు కట్టి సాలు గీసి
నాలుగు వేళ్ళకొక గింజ.
"చేను విత్తుతున్నావా, కుడుతున్నావా?"
అడిగారు గట్టు మీద ఆడవాళ్ళు.

పూత నాటికి ఎద్రీసు ఒక మొక్క పీకాడు.
వేళ్ళ నిండా బుడిపెలు. గోటితో చిదిమితే
లోపల ఎరుపు,
పళ్ళు రాని చిగుళ్ళ ఎరుపు.
"గాలిలోంచి ఎరువు లాగుతున్నాయి" అన్నాడు.
ఈసారి నేను నవ్వలేదు.

ఆకు పూర్తిగా రాలకముందే కోశాను.
ఆరు సంచులు.
దున్నిన ట్రాక్టరుకి ఒకటి.
కోతకి, నూర్పిడికి ఒకటి.
పొట్లానికి ఎన్ని గిన్నెలో చెబితే నమ్మరు, అంత తక్కువ.
మిగిలినవి కొంటానని తమాలే నుంచి రమాతు వచ్చింది,
తన గిన్నెతో.
ఆ గిన్నె అడుగు సుత్తితో బయటికి కొట్టి ఉంటుంది,
అందరికీ తెలుసు. పైగా గోపురం పోయాలి.
మేం పదకొండు మందిమి
గింజలన్నీ ఒకే గదిలో పోసి
రెండు తాళాలు వేసి, రెండిళ్ళలో దాచాం.
తియుంబా బడి ఫీజు అడిగింది. తెరవలేదు.
అత్త రాత్రంతా దగ్గింది. మందుకి అప్పు చేశాను,
తెరవలేదు.
మార్చిలో రమాతు మళ్ళీ వచ్చింది.
మా గిన్నెతో, తలకొట్టి కొలిచింది.

మూడో కోత అయ్యాక సుహుయిని
చేను చుట్టూ ఊరికే నడిచాడు.
ఊదాపూలు లేవు.
పిడికెడు మట్టి తీసి నలిపి వాసన చూశాడు.
"వచ్చే వానకి ఇక్కడ మొక్కజొన్న వేస్తాను."
గొంతులో కోపం లేదు. ఎండ ఎక్కువగా ఉంది
అన్నట్టు అన్నాడు.
చూపుడువేలు మళ్ళీ తిరిగింది, రాళ్ళమిట్ట వైపు.

భూమి బాగుపడితే భూమి పోతుందని
ఎద్రీసు కాగితంలో లేదు.
అడిగితే మోటారుసైకిలు గొలుసు
చూసుకుంటూ కూచున్నాడు.
పదకొండు మందిమి పెద్ద దగ్గరికి వెళ్ళాం.
కోలా కాయలు తీసుకున్నాడు.
ఆలోచిస్తానన్నాడు.

నిన్న రాత్రి ఆ చెక్కలోకి పోయి
పాత మొదళ్ళ కింద తవ్వి
గిన్నెడు మట్టి తెచ్చుకున్నాను.
గోపురం పోసి.
దొంగతనమంటారా, అనండి.
ఆ ప్రాణాల్ని ఎండ తగలకుండా మోసినదాన్ని నేను.

మొదటి వాన పడ్డాక విత్తనంతో కలుపుతాను.
అప్పటిదాకా గిన్నె
నీళ్ళకుండ పక్కన, తడిగుడ్డ కింద ఉంది.
నేను చెప్పలేదు,
తియుంబా అటు నడిచేటప్పుడు
మునివేళ్ళ మీద నడుస్తోంది.